మూగ వరుస

మృణాళిని తన సవతిని మొదటిసారి కంప్యూటర్ తెర మీద చూసింది. తెర అడుగున ఎక్కడో, ముదురాకుపచ్చ రంగులో, నోరు మూసుకుని పడి ఉంది. పడి ఉన్నది పడి ఉండకుండా, ఈమె చూస్తుండగానే లావెక్కడం మొదలుపెట్టింది.

సవతి అన్నానని ఏవేవో ఊహించుకోకండి. అది పాటలో ఒక ట్రాకు, అంతే. కానీ అసూయ పడాలంటే ఎదురుగా మనిషే ఉండాలని ఎక్కడా రాసి లేదు.

సినిమా పాటని ఇప్పుడు అందరూ ఒకచోట కూర్చుని వాయించడం లేదు కదా. తబలా వాడు వచ్చి తబలా వాయించి పోతాడు, వేణువు ఆయన ఇంకో రోజు వస్తాడు. ఒక్కో వాద్యాన్నీ, ఒక్కో గొంతునీ విడిగా రికార్డు చేసి, కంప్యూటర్‌లో ఒకదాని కింద ఒకటి వరుసలుగా పేరుస్తారు. పెద్ద పాటకి వందకు పైగా వరుసలుంటాయి. వాటిని పాళ్ళు చూసి కలిపేవాడు మిక్సింగ్ ఇంజనీరు. మృణాళిని భర్త గంగాధర్ చేసే పని అదే. కోనసీమ నుంచి వచ్చి, కృష్ణానగర్ స్టూడియోల్లో ఇరవై ఏళ్ళు చెవులు అరగదీసుకుని, ఇప్పుడు యూసుఫ్‌గూడలో ఇంట్లోనే ముందుగదిని స్టూడియో చేసుకున్నాడు.

ఆ పనిలో పాటకంటే వెతుకులాట ఎక్కువ. వీణ ఎక్కడుందో చూడాలంటే తెర కిందికి జరపాలి, చిన్నగా ఉన్నదాన్ని పెద్దది చేసుకోవాలి, అది అయ్యాక మళ్ళీ ముడిచి పైకి పోవాలి. ఈలోగా చెవిలో ఉన్నది కాస్తా జారిపోతుంది. ఆ బాధ తీర్చడమే మృణాళిని ఉద్యోగం. మాదాపూర్‌లో 'వాద్యశాల' అని సంగీతం సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీ ఉంది. అందులో తెర మీద ఏది ఎప్పుడు కనపడాలి, ఎంత పెద్దగా కనపడాలి, ఎప్పుడు పక్కకి తప్పుకోవాలి అన్నదంతా ఆమె చేతి కింద జరుగుతుంది. గంగాధర్ దానికి చూపుల శాఖ అని పేరు పెట్టి, ఎవరైనా మీ ఆవిడేం చేస్తారని అడిగితే, "పెళ్ళిచూపులు తప్ప అన్ని చూపులూ ఆవిడవేనండి" అని చెప్పి తానే నవ్వుకునేవాడు.

ఆ శాఖలోంచి పుట్టిందే వినుచూపు. మెడ వెనక నుంచి రెండు చెవుల మీదికి వచ్చే మెత్తటి పట్టీ అది. మనిషి మనసుపెట్టి దేన్నైనా వింటే చెవి వెనక కండరం కొద్దిగా బిగుస్తుంది, మెదడు ఆ లయకే కొట్టుకుంటుంది. మనకి తెలియదు, పట్టీకి తెలుస్తుంది. తెలిసిన మరుక్షణం ఏ వరుసను వింటున్నాడో ఆ వరుస తెర మీద తనంతట తానే విచ్చుకుంటుంది, మిగతావి ఒదిగి చోటిస్తాయి. చెయ్యి కదపనక్కర్లేదు.

మొదటిసారి దాన్ని ఇంటికి తెచ్చి మొగుడి మెడకి తగిలించిన ఆదివారం మధ్యాహ్నం మృణాళిని ఆనందం అంతా ఇంతా కాదు. గంగాధర్ కళ్ళు సగం మూసుకుని పాట వింటున్నాడు. మృదంగం వైపు చెవి పెట్టగానే మృదంగం విచ్చుకుంది. వయొలిన్లు నాలుగూ కలిసి విచ్చుకున్నాయి.

"ఓర్నాయనో! ఇదేంటే, నా బుర్రలో దూరి కూర్చుంది?" అన్నాడు పసివాడిలా.

సరిగ్గా అప్పుడే అడుగున ఉన్న ఆకుపచ్చ వరుస లావెక్కింది. చరణం మొదలయ్యేసరికి మృదంగాన్నీ వయొలిన్లనీ నెట్టేసి సగం తెర ఆక్రమించింది. దాని పక్కన ఎర్రటి గుర్తు వెలుగుతూ ఉంది. అంటే అది మ్యూట్‌లో ఉంది. గదిలో దాని చప్పుడు ఇసుమంత కూడా లేదు.

"ఇదేంటండీ, వినపడని ట్రాకు పెద్దదవుతోంది?"

"అదా? పైలట్. నీలవేణి పాడింది." గంగాధర్ కళ్ళు తెరవలేదు.

పైలట్ అంటే ఏమిటో మృణాళినికి కొత్తగా చెప్పనక్కర్లేదు. పాట పాడాల్సిన పెద్ద గాయనికి తీరిక దొరికేదాకా పని ఆగకూడదు కాబట్టి, ముందు ఎవరో ఒక ట్రాక్ సింగర్ చేత పాడించుకుంటారు. ఆ గొంతు చుట్టూ వాద్యాలన్నీ అల్లుకుంటారు. పెద్దావిడ వచ్చి, దాన్ని విని, అలాగే పాడి, కారెక్కి పోతుంది. అప్పుడు ట్రాక్ సింగర్ గొంతుని మ్యూట్‌లో పెడతారు. చెరపరు. పాట విడుదలయ్యేలోగా పైలట్ గొంతు చెరిపితే ఆ పాట ఆడదని కృష్ణానగర్‌లో ఒక పట్టింపు. అందుకని ఆ గొంతులన్నీ అలా నోరు మూసుకుని, పాటతోపాటు చివరిదాకా ఉంటాయి.

తెలిసిన సంగతే. అయినా మృణాళిని ఆ ఎర్ర గుర్తు వంక చూస్తూ నిలబడిపోయింది.

"ఏదో బగ్గు అయ్యుంటుంది," అంది చివరికి.

* * *

బగ్గు కాదని మర్నాడు ల్యాబులో తేలిపోయింది. పట్టీ పంపిన లెక్కలన్నీ సవ్యంగానే ఉన్నాయి. ల్యాబు పెద్ద ఫణిభూషణ్ అయితే కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు.

"మృణాళిని గారూ, అర్థమవుతోందా మీకు? గదిలో లేని పాటని ఆయన మెదడు పాడుకుంటోంది! మన పట్టీ దాన్ని కూడా పట్టేసింది! ఎంత అదృష్టం అండీ మనది!"

ఎవరి అదృష్టం వాళ్ళకి ఆనందం. మృణాళిని మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆ వారమంతా సాకులు చెప్పి భర్త చేత పాత పాటలు మళ్ళీ తెరిపించింది. వేరే వాళ్ళు పాడిన పైలట్ గొంతులు మ్యూట్‌లో పెట్టగానే బుద్ధిగా ముడుచుకుని ఉన్నాయి. నీలవేణి గొంతు ఉన్న పాటల్లో మాత్రం, పల్లవి ఎత్తుకోగానే ఆ వరుస ఊపిరి పీల్చుకున్నట్టు లేచి కూర్చునేది. ఒక పాట అయితే మూడేళ్ళనాటిది. మూడేళ్ళ తరవాత కూడా అతనికి అక్షరం అక్షరం వినపడుతోంది.

అన్నం దగ్గర అడిగేసింది. అడగకుండా ఉండగలిగే మనిషి కాదు.

"నీలవేణి గొంతంటే అంత ఇష్టమా మీకు?"

"ఇష్టమే." దాచుకోవాల్సిన సంగతి అని కూడా అతనికి తోచలేదు. చారు పోసుకుంటూ చెప్పాడు. "ఆ పిల్ల ఊపిరి ఎక్కడ తియ్యాలో అక్కడ తీస్తాది మృణా. పెద్దావిడలకి గొంతులుంటాయి, ఊపిరుండదు. అందుకని నేను లోపల నీలవేణిని పెట్టుకుని, పైన వీళ్ళని ఆ కొలతకి తెస్తాను. ఆయ్, వ్యాపార రహస్యం, ఎవరికీ చెప్పకు."

"లోపల నీలవేణిని పెట్టుకుని."

"ఏంటే?"

"మరి నేను ఎక్కడ ఉన్నాను?"

గంగాధర్ నవ్వాడు. అదే తప్పు. ఏదో ఒకటి చెప్పి ఉంటే సరిపోయేది. "నువ్వు పాటలు పాడవు కదే," అని నవ్వాడు.

పాడదు. నిజమే. మృణాళినికి శ్రుతి అంటే గిట్టదు, పూజలో హారతి పాట కూడా చప్పట్లతో గట్టెక్కిస్తుంది. పధ్నాలుగేళ్ళుగా ఈ మనిషి పక్కన పడుకుంటోంది, ఈయన చెవుల కోసం పగలూ రాత్రీ పని చేసి యంత్రం తయారుచేసింది. ఆ యంత్రం మొట్టమొదట చూపించిన నిజం, ఆ చెవుల్లో ఇంకో ఆడదాని ఊపిరి ఉందని. ఆమె చెయ్యి కడుక్కుని లేచిపోయింది. కంచంలో అన్నం అలాగే ఉంది.

నీలవేణిని ఒకసారి చూస్తే మనసు కుదుటపడుతుందేమో అనుకుని, ఏదో పట్టీ పరీక్ష వంకతో కృష్ణానగర్ స్టూడియోకి వెళ్ళింది. చూశాక ఇంకా పాడైపోయింది. అందగత్తె అయినా బాగుండేది, అందాన్ని తిట్టుకోవచ్చు. బొద్దుగా, నూలు చీర కొంగు నడుముకి దోపుకుని, పాడే గది బయట మెట్ల మీద కూర్చుని స్టీలు డబ్బాలో ఉప్మా తింటోంది. మృణాళినిని చూడగానే ఎడమచేత్తో పక్కన చోటు తుడిచింది.

"రండి వదినా, కూకోండి. గంగాధరన్నయ్య మిమ్మల్ని గురించి ఎప్పుడూ సెప్తుంటారు. కొంచెం ఉప్మా తింటారేటి? మా ఇజీనారం ఉప్మా, ఉల్లిపాయ ఎక్కువేసీసినాను."

వదినట. అన్నయ్యట. ఆ వరసలు ఎవరి కోసం కలుపుతోందో తనకి తెలియదనుకుంటోందా, అనుకుంది మృణాళిని. పైకి మాత్రం నవ్వింది.

"పైలట్ పాడతావు, తరవాత నీ గొంతు తీసేస్తారు. బాధ వెయ్యదా?"

నీలవేణి చెంచా ఆపి ఆలోచించింది. "మొదట్లో ఏడిసీదాన్ని వదినా. పాటంతా నేనే, పేరు కాడ నా ఊసే నేదు. ఒకపాలి అన్నయ్య అన్నారు, 'అమ్మాయ్, నువ్వు లేకుండా నేను ఈ పాట వినలేను, నువ్వు లోపల ఉన్నావు' అని. అప్పట్నించి ఏడుపు పోయింది. ఒక్క మనిసి ఇంటే సాలదేటి?"

అంత సూటిగా, అంత మంచిగా చెప్పింది. ఆ మంచితనానికే మృణాళినికి ఒళ్ళు మండిపోయింది. ఇంటికి వచ్చేదాకా ఆటోలో పళ్ళు బిగించుకుని కూర్చుంది.

* * *

ఆ వారంలోనే ఆమె వినుచూపుకి కొత్త నియమం రాసింది. నాలుగు వాక్యాల పని. మ్యూట్ చేసిన వరుసని తెర మీంచి పూర్తిగా మడిచెయ్యాలి. దాని గుర్తు కూడా కనపడకూడదు. మనసు అటు మళ్ళినట్టు పట్టీ పసిగడితే, అదే క్షణంలో వినపడుతున్న ఇంకో వరుసను పెద్దది చేసి, కాస్త వెలుగు పెంచి, మనసుని ఇటు లాక్కురావాలి. మళ్ళీ మళ్ళితే మళ్ళీ లాగాలి.

మీటింగులో దానికి ఏం పేరు పెట్టిందో తెలుసా? శుభ్రమైన తెర. "వాడకందార్లకి అక్కర్లేని చెత్త ఎందుకు కనపడాలి? వినపడేదే కనపడాలి," అంది. ఫణిభూషణ్‌కి మొదట మనస్కరించలేదు, మూగ వరుసని పట్టిన పట్టీ అంటే అతనికి ముద్దు. కానీ పరీక్షకి పెట్టి చూస్తే పని వేగం పెరిగింది, వాడినవాళ్ళందరూ తల తేలిగ్గా ఉందన్నారు. ఇంకేం, ఒప్పుకున్నాడు.

ఒక్కడు మాత్రం వేరే మాట చెప్పాడు. పరీక్షకి వచ్చిన కీబోర్డు కళాకారుడు డేవిడ్‌రాజు పట్టీ తీసి మృణాళిని చేతికిస్తూ, "మేడమ్, నిన్న ఇక్కడొక బాణీ కట్టి, నచ్చక మ్యూట్ చేశాను. ఇంటికెళ్ళాక మా ఆవిడకి వినిపిద్దామంటే గుర్తు రాలా. ఎంత తన్నుకున్నా రాలా. నా బాణీ నాకు రాకపోవడం ఎప్పుడూ లేదు," అన్నాడు.

మృణాళినికి వెంటనే అర్థమైంది. తెర మనసు వెంట నడవడమే కాదు, మనసు కూడా తెర వెంట నడుస్తోందన్నమాట. లాగగా లాగగా అది మూగ వైపు మళ్ళడం మానేస్తోంది.

"అలసిపోయి ఉంటారు, నిద్రపోండి," అని పంపించింది. ఆ సంగతి ఫణిభూషణ్‌కి చెప్పలేదు. చెప్పాల్సిన సంగతి అని ఆమెకు బాగా తెలుసు. తెలిసీ, సాయంత్రం పట్టీని సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళి, మొగుడి మెడకి స్వయంగా తగిలించింది. తగిలిస్తూ జుట్టు కూడా సవరించింది.

గంగాధర్‌కి కొత్త తెర తెగ నచ్చింది. పాట ముగించి గడియారం చూసుకుంటే ఇంకా పొద్దు ఉండేది. ఇల్లాలి కంపెనీ సరుకని వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. పొద్దస్తమానం పట్టీ మెడ మీదే. ఒక్కోరోజు భోజనానికి కూడా తీసేవాడు కాదు.

ఎండలు ముదిరేసరికి ఒకరోజు అతని ఫోను మోగింది. మృణాళిని పక్కనే ఉంది. స్పీకర్లోంచి, "అన్నయ్యా, ఎలగున్నారు? ఈమధ్య పైలట్‌కి పిలవడం మానీసినారేటి?" అని వినపడింది.

"ఎవరండీ మాట్లాడేది?" అన్నాడు గంగాధర్.

"నేనే అన్నయ్యా, నీలవేణిని."

"ఆఁ... ఆఁ, నీలవేణి గారు. చెప్పండి." మర్యాదగా అన్నాడు. కొత్తవాళ్ళతో మాట్లాడే మర్యాద అది. ఫోను పెట్టేశాక, "ఎవరే ఈవిడ? ఎప్పుడైనా మన దగ్గర పాడిందా?" అని భార్యనే అడిగాడు.

"ఏమో, నాకేం తెలుసు," అంది మృణాళిని.

ఆ పూట ఆమె గుత్తివంకాయ కూర చేసింది. కొబ్బరి, గసగసాలు దండిగా వేసి చేసింది. చిలకాకుపచ్చ చీర కట్టుకుంది. గెలిచినవాళ్ళు ఎలా ఉంటారో అలాగే ఉంది, సిగ్గేమీ పడలేదు. గంగాధర్ కూర తింటూ ఆమె మాట్లాడే ప్రతి మాటా చెవులప్పగించి విన్నాడు. పధ్నాలుగేళ్ళలో అంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు. ఆమె మాట్లాడుతున్నంతసేపూ అతనికి లోకంలో ఇంకేమీ లేదు.

* * *

చిన్న చిన్నవి కొన్ని అప్పుడే మొదలయ్యాయి, ఆమె పట్టించుకోలేదు. స్నానాలగదిలో అతని కూనిరాగం ఆగిపోయింది. ఒక సంగీత దర్శకుడు పాట విని, "అన్నీ సరిగ్గానే ఉన్నాయి గంగాధర్ గారూ, కానీ ఎక్కడో ప్రాణం తగ్గింది," అని వెనక్కి పంపాడు. గంగాధర్ ఆ పాటను మళ్ళీ మళ్ళీ విన్నాడు. వినపడేవన్నీ బాగానే ఉన్నాయి. లేనిదేదో అతనికి తెలియలేదు.

ఈలోగా వినుచూపు బజారులోకి వెళ్ళిపోయింది. దాన్ని ఒక సదస్సులో చూపించడానికి మృణాళినిని బెంగుళూరు పంపించారు. వెళ్ళేటప్పుడు గంగాధర్ గుమ్మం దాకా వచ్చి, పెట్టె ఆటోలో పెట్టి, చెయ్యి ఊపాడు.

మొదటి రోజు ఫోను రాలేదు. పనిలో ఉన్నాడు కాబోలు అనుకుంది. ఎక్కడున్నా అన్నం వేళకి ఫోను చేసి, తిన్నావా అని అడిగే మనిషి. ఎన్నోసార్లు ఆ ఫోనుకి విసుక్కుంది కూడా. రెండో రోజూ రాలేదు. తానే చేసింది. ఎత్తగానే ఎంత ఆప్యాయంగా మాట్లాడాడనీ! గంటసేపు ఫోను పెట్టనివ్వలేదు. సరే, రేపు చేస్తాడులే అనుకుంది. ఆ మర్నాడు కూడా చెయ్యలేదు. నేనెందుకు చెయ్యాలి అని ఈమె పంతం పట్టింది. ఆ పంతంలో అన్నం సహించలేదు, సదస్సులో ఏం మాట్లాడిందో ఆమెకే తెలియదు. ఎవరు దూరారు మళ్ళీ ఆ ఇంట్లో? నీలవేణి కాకపోతే ఇంకెవరు? ఆ గొంతు కాకపోతే ఇంకే గొంతు? అలా రాళ్ళు పోగేసుకుంటూ హైదరాబాదు వచ్చింది.

తలుపు తీసి లోపలికి వెళితే గంగాధర్ కాఫీ కలుపుకుంటున్నాడు. అలికిడికి తిరిగి చూశాడు. మొహం విప్పారింది.

"నీకూ కలపనా?" అన్నాడు. అని, ఆమె చేతిలోని పెట్టె చూసి, "అదేంటే, పెట్టె సర్దావు? ఎక్కడికైనా వెళ్తున్నావా?"

మృణాళిని నవ్వబోయింది. వేళాకోళమేమో అని అతని కళ్ళలోకి చూసింది. వేళాకోళం లేదు. ఆమె వెళ్ళిన సంగతే అతనికి గుర్తు లేదు. వెళ్ళనూ లేదు, రానూ లేదు. మాట వినపడనన్ని రోజులూ ఆమె అతనికి అసలు లేదు.

వంటింటి గట్టు పట్టుకుని కూర్చుండిపోయింది. నీలవేణి ఒక్కదాన్నే తీసేద్దామని కత్తెర పట్టుకుంది. ఆ కత్తెరకి ఎవరు నీలవేణో ఎవరు మృణాళినో తెలుసా? వినపడనిదాన్ని తలుచుకునే చోటునే కోసిపారేసింది. అతను భయంగా దగ్గరికి వచ్చి, "ఏమైందే? నీళ్ళు తాగు," అని వీపు నిమిరాడు. ఎంత ప్రేమో ఆ చేతిలో. ఏడుస్తున్నంతసేపూ ఉంది. ఏడుపు ఆపి, మెల్లగా లేచి పడగ్గదిలోకి వెళ్ళింది. అరగంట చూసింది. అతను రాలేదు. ముందుగదిలో పాట మొదలైంది.

* * *

అతని మెడ మీంచి పట్టీ తీసి పారేసింది. ల్యాబుకి వెళ్ళి, అంతా ఒప్పేసుకుని, నియమం ఎత్తేద్దామంది. ఫణిభూషణ్ అమ్మకాల లెక్కలు ఆమె ముందుకు జరిపాడు.

"మృణాళిని గారూ, జనం కొంటున్నదే ఆ శుభ్రమైన తెర కోసం," అన్నాడు. "పైవాళ్ళు ఒప్పుకోరు. కావాలంటే సెట్టింగుల్లో ఒక మీట పెడదాం, వద్దనుకున్నవాళ్ళు తీసేసుకుంటారు."

సెట్టింగులు ఎవరూ తెరవరని ఇద్దరికీ తెలుసు. చూపుల శాఖలో ఇన్నేళ్ళు పనిచేసి ఆమె నేర్చుకున్న మొదటి సంగతే అది. రాజీనామా ఇచ్చి బయటికి వచ్చింది. దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు.

పట్టీ తీసేసినా గంగాధర్‌లో మార్పు రాలేదు. డాక్టర్లని అడిగింది. చెవి బాగుందన్నారు, బుర్ర బాగుందన్నారు. ఒక పెద్దాయన మాత్రం, అలవాటు తప్పిన దారి కదా, నడిపిస్తే మళ్ళీ పడుతుందేమో, ఆయన లోపల బాగా ఇంకిన శబ్దం ఏదైనా ఉంటే దానితో మొదలుపెట్టండి అన్నాడు. బాగా ఇంకిన శబ్దం ఏదో లోకంలో ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు?

కృష్ణానగర్ స్టూడియో మెట్ల దగ్గరికి మళ్ళీ వెళ్ళింది. నీలవేణి ఎదురుగా నిలబడి చేసిందంతా చెప్పింది. చెప్పేటప్పుడు నేల చూపులు చూడలేదు, ఆ పిల్ల మొహమే చూసింది. చెంప మీద కొట్టినా పడదామనుకుంది.

నీలవేణికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "నన్ను అడిగితే నేనే మానీసీదాన్ని కదా వదినా," అంది. "అన్నయ్య బుర్ర మీద సెయ్యెందుకు ఏసీసినారు?"

"తప్పయింది. ఇంటికి వచ్చి పాడతావా?"

"కోపం ఉన్నాది నాకు. సానా ఉన్నాది." కొంగుతో మొహం తుడుచుకుంది. "రేపట్నించి వొస్తాను."

రోజూ వచ్చేది. ముందుగదిలో గంగాధర్ ఎదురుగా చాప మీద కూర్చుని, పాత పైలట్ పాటలు ఒక్కొక్కటే పాడేది. పాడుతూ పాడుతూ లైను మధ్యలో ఆపేసేది. ఆపిన చోట గంగాధర్ చిరునవ్వుతో చూస్తూ కూర్చునేవాడు. "బాగుందమ్మా. ఏం పాట ఇది?" అనేవాడు. ఆమె మళ్ళీ మొదటినుంచి ఎత్తుకునేది. మృణాళిని వంటింట్లో ఉండి, కూరలు తరుగుతూ, ఆ గొంతు వినేది. ఏ గొంతు నోరు నొక్కాలని చూసిందో అది తన ఇంట్లోనే, తాను పిలిస్తేనే వచ్చి, గోడలు నిండిపోయేలా పాడుతోంది. దాన్ని సహించడమే కాదు, ఆపవద్దని మనసులో దణ్ణాలు పెట్టుకోవాల్సి వచ్చింది. సహించడం సులువేమీ కాలేదు. తరిగే చెయ్యి చాలాసార్లు ఆగిపోయేది.

వానలు పడ్డాక ఒకరోజు పొద్దున, నీలవేణి ఎప్పట్లాగే చరణం మధ్యలో ఆపింది. గది నిశ్శబ్దమైంది. ఇప్పుడు బాగుందమ్మా అంటాడు, అనుకుంది మృణాళిని. అనలేదు. నిశ్శబ్దం ఇంకాసేపు సాగింది. తరవాత ఒక మగగొంతు, బొంగురుగా, దారి తడుముకుంటూ, మిగిలిన లైను అందుకుంది.

"అన్నయ్యా!" అని అరిచింది నీలవేణి.

"ఇక్కడ... ఇక్కడ ఊపిరి తీస్తావు కదూ నువ్వు?" అన్నాడు గంగాధర్. "నువ్వు ఆపినా ఇంకా వినపడుతోందే."

మృణాళిని చేతిలోంచి బెండకాయ జారిపోయింది. కళ్ళ వెంట నీళ్ళు బొటబొటా కారాయి. వచ్చింది, దారి దొరికింది, బతికి బయటపడ్డాం. ఆ సంతోషం వెనకే, సిగ్గు లేకుండా, పాత మంట భగ్గుమంది. మొదట తిరిగి వచ్చింది నీలవేణే. మూగలోంచి ముందుగా లేచి వచ్చింది ఆమే.

మరి నేను?

ఆమె కత్తిపీట పక్కకి జరిపింది. పొయ్యి కట్టేసింది. గాజులు మోచేతి మీదికి తోసుకుని, గోడకి ఆనుకుని, చప్పుడు లేకుండా నిలబడింది. ఇంట్లో తాను వినపడటం లేదు. ఇప్పుడు తలుచుకుంటాడా? ఒక్కసారి, మృణా ఏదీ అంటాడా?

ముందుగదిలో ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. గంగాధర్ నవ్వాడు. ఇంకో పాట పేరేదో చెప్పుకున్నారు. ఆమె ఊపిరి కూడా బిగబట్టింది. అతను మళ్ళీ ఆ లైనే పాడాడు, ఈసారి ఇంకాస్త స్పష్టంగా. పాడి, బాగుందని తనకు తానే మెచ్చుకున్నాడు. కాళ్ళు నొప్పెట్టాయి. ఆమె కదలలేదు.

"అన్నయ్యా," అంది నీలవేణి గొంతు ఉన్నట్టుండి. "వదినేది? సప్పుడు నేదేటి?"

గంగాధర్ ఏమీ అనలేదు.

"వదినా!" నీలవేణి లేచి వస్తున్న అడుగులు. "వదినా, ఉన్నారా?"

ఆ ఇంట్లో తన కోసం చెవి పెట్టినది ఆ గొంతు ఒక్కటే. మృణాళిని గోడని వదిలి, ముందుగదిలోకి కూడా వినపడేంత గట్టిగా చెప్పింది.

"ఉన్నానమ్మా నీలవేణీ, ఇక్కడే ఉన్నాను."